అవ్వకు చదవని చీటి

నా చిన్నప్పుడు మా గేరిలో, అంటే మా వాడలో, చదవడం వచ్చినవాళ్లం ఇద్దరమే. ఒకరు చర్చి పంతులుగారు, ఇంకొకణ్ణి నేను. ఆయన మంచి మనిషి. చెప్పుకోవలసింది నా సంగతే. నాలుగు అక్షరాలు వచ్చాయన్న బలంతో పదేళ్ల వయసులో ఒక ముసలామెకు నేను చేసిన పని గుర్తొస్తే, అరవై ఎనిమిదేళ్లు వచ్చిన ఇప్పుడు కూడా పాచిపోయిన అన్నం వాసన తగిలినట్టు ముఖం తిప్పుకోవాలనిపిస్తుంది. రోత పుట్టించేది నా ముఖమే కాబట్టి ఎటు తిప్పుకోవాలో తెలియదు.

మాది కోస్గి దగ్గర ఒక చిన్న ఊరు. వాన పడితే జొన్న, కంది, ఆముదం. పడకపోతే ఏమీ లేదు. మా గేరిలో ఎవరికీ సెంటు భూమి లేదు. దసరా వెళ్లగానే మేస్త్రి లారీ తెచ్చి ఊరి బయట నిలిపేవాడు. మగవాళ్లంతా దానిలో ఎక్కి, పేరు పలకడానికి నోరు తిరగని ఊళ్లకు, ఆనకట్టల దగ్గర మట్టి పనికి పోయేవాళ్లు. ఉగాది లోపల తిరిగి వచ్చేవాళ్లు. ఆ మధ్య నెలల్లో గేరిలో మిగిలేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు, మేకలు. ఆ ఏడు మా బాపు కూడా పోయాడు. ఎప్పుడూ అయితే నెలకోసారి మేస్త్రి మనిషి వచ్చి అందరూ బాగున్నారని చెప్పి పోయేవాడు. ఆ ఏడు ఎవరూ రాలేదు. క్రిస్మస్ కూడా అట్లాగే పోయింది. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని పెనం మీద రొట్టె వేసి, బాట వైపు చూస్తూ ఉండిపోయేది. రొట్టె మాడేది. మాడిన రొట్టెనే ఇద్దరం తినేవాళ్లం.

మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. మాకు చుట్టం కాదు, గేరి పిల్లలందరికీ అవ్వే. భర్త ఏనాడో పోయాడు. ఒక్కడే కొడుకు. ఆయన కూడా మా బాపు ఎక్కిన లారీలోనే పోయాడు. ఆ అవ్వంటే నాకు సరిపడేది కాదు. ఎప్పుడూ దవడలో పొగాకు ఉండేది. ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుని, అదే చేత్తో నా చెంపలు పుణికేది. నోరు కూడా పెద్దది. మేక అడ్డం వచ్చినా, మేస్త్రి అడ్డం వచ్చినా ఒకటే తిట్టు. కానీ రోజూ తెల్లవారగానే చర్చి ఊడ్చేది ఆమే. చర్చి అంటే మట్టిగోడలు, పైన గడ్డి కప్పు, లోపల పేడతో అలికిన నేల. ఊడ్చాక పనికి పోకుండా గోడకు ఆనుకుని కాసేపు కూర్చునేది. ఒకసారి అడిగాను, కూర్చుని దేవుణ్ణి ఏమడుగుతావని.

"ఏమడుగుత బిడ్డా? కూసుంట, అంతే."

"పనేం లేకుంటె ఎందుకు కూసునుడు?"

"మీ అమ్మ కాడికి పనుంటెనే పోతవా?" అంది.

నేను పనుంటేనే పోయేవాణ్ణి.

కొత్త సంవత్సరం నాడు పొద్దున ఆరాధన అయ్యాక మా చర్చిలో చీటీలు తీసేవాళ్లం. ఆ ఆనవాయితీ ఇప్పటికీ ఊరూరా ఉంది, కాకపోతే రంగురంగుల కార్డులయ్యాయి. అప్పట్లో మా పంతులుగారు పాత నోటుపుస్తకాల అట్టలు సన్నగా కత్తిరించి, ఒక్కోదాని మీద బైబిల్లోని ఒక వాగ్దానం రాసి, చుట్టి, పాలపొడి డబ్బాలో వేసేవారు. మనిషికొక చీటి. అందులో ఏ మాట వస్తే ఆ ఏడాదికి దేవుడు మనకు ఇచ్చిన మాట అదేనని గట్టి నమ్మకం. ఊళ్లో లేనివాళ్ల పేరున ఇంటివాళ్లు తీయవచ్చు. అందరికీ కావలసినవి గాదెలు నిండుతాయనే మాట, రోగాలు పోతాయనే మాట. కష్టంలో ఓర్చుకోవాలనే మాట వస్తే ముఖాలు మాడేవి.

ఆ ఏడు పంతులుగారికి కళ్ల జబ్బు. తాను రాసిందే తనకు ఆనడం లేదని, ముసలివాళ్ల చీటీలు చదివి పెట్టమని నన్ను డబ్బా పక్కన కూర్చోబెట్టారు. నేను నూనె రాసిన తలతో, ఉతికిన చొక్కాతో, తాసీల్దారులా కూర్చున్నాను. మా చిన్నమ్మ చీటి తీసి నా చేతికిచ్చింది. ఓపిక పట్టాలనే మాట.

"ఏందయ్య పంతులయ్యా, పోయినేడు గూడ గిదే వచ్చె! ఓపిక పట్టు, ఓపిక పట్టు. ఇంకెంత పట్టాలె?"

"ఇంకొక్క ఏడాది పట్టమ్మా. డబ్బాల నీకోసం వేరేది ఎయ్యలేదు" అన్నారాయన. అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వింది.

మా వంతు వచ్చినప్పుడు బాపు పేరున నేనే తీశాను. గబగబా విప్పాను. తోడుగా ఉంటానన్న మాట ఉంది. అంతే. ఇంటికి తెస్తానని లేదు, ఆపద తప్పిస్తానని లేదు. నాకు ఎంత చిరాకు వేసిందంటే దాన్ని నలిపి పారేద్దామనుకున్నాను. దేవుడు బాపుకు తోడుగా ఉంటే నాకేం ఒరిగింది? బాపు కదా నాకు తోడుగా ఉండాలి. మా అమ్మ ముందుకు వంగి, "ఏమొచ్చిందిర?" అని అడిగింది. ఆమె కళ్లు చూసి ఆ మాట చదవబుద్ధి కాలేదు. "ఆగు, ముందు అవ్వది చదవనీ" అన్నాను.

అవ్వ తన కొడుకు పేరున తీసిన చీటి అప్పటికే నా ఒళ్లో పడేసింది. విప్పాను. దూరదేశానికి పోయినవాళ్లను మళ్లీ ఇంటికి చేరుస్తానన్న మాట. అది చూసిన క్షణంలో నేనేమీ ఆలోచించలేదని చెప్పుకోవచ్చు. పిల్లవాణ్ణి కదా అనవచ్చు. అది అబద్ధం. నేను ఆలోచించాను. అవ్వకు చదవడం రాదని ఆలోచించాను. పంతులుగారికి కళ్లు ఆనవని ఆలోచించాను. రెండు చీటీలు ఒకే అట్టవని, ఒకేలా ఉన్నాయని కూడా చూసుకున్నాను. అంతా అయ్యాకే చేశాను.

"ఏమున్నదిర?" అంది అవ్వ.

"నీ కొడుకుకు తోడుంటడంట."

"గంతేనా?"

"గంతే."

ఆమె నా చేతిలోని చీటి తీసుకుని, రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. "మంచిదే తియ్. ఒక్కడున్నడు వాడు ఆడ. వానికి చిన్నప్పట్నుంచి చీకటంటె బయం" అంది.

మా అమ్మకు రెండో చీటి చదివాను. పోయినవాళ్లను ఇంటికి తెస్తాడంట అన్నాను. ఆమె నన్ను లాక్కుని గుండెలకు అదుముకుని ఏడ్చింది. చీటిని కొంగుకు ముడి వేసుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రొట్టె మాడలేదు.

ఉగాదికి ఇంకా పది రోజులున్నాయనగా గుంపు తిరిగొచ్చింది. మధ్యాహ్నం ఎండలో అడ్డబాట నుంచి ఒక్కొక్కరే నడిచి వస్తున్నారు. మా బాపు కనిపించాడు. గడ్డం పెరిగి, చిక్కి సగమై ఉన్నాడు. నేను పరుగెత్తి ఆయన కాళ్లకు చుట్టుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు గానీ నన్ను చూడలేదు. అవ్వ తన గుడిసె ముందు నిలబడి వచ్చిన ప్రతి మనిషి ముఖమూ చూస్తోంది. చివరి మనిషి దాటిపోయాక కూడా బాట వైపే చూస్తోంది. బాపు పోయి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఒక తువ్వాలు, ఒక గిన్నె ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. క్రిస్మస్‌కు వారం ముందు కట్ట తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగి ఆమె కొడుకు మీద పడిందట. తీసేసరికి అయిపోయిందట. అక్కడే పూడ్చారు. కబురు పంపితే గుంపు చెదిరిపోతుందని మేస్త్రి ఎవరినీ కదలనివ్వలేదట.

క్రిస్మస్‌కు వారం ముందు. అంటే నేను డబ్బా పక్కన కూర్చుని చీటీలు చదివిన పొద్దుకు ఆయన మట్టి కిందకు పోయి రెండు వారాలు.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పబుద్ధి కాని మాట. అవ్వ కూలబడిపోయి, శబ్దం కూడా రాకుండా నోరు తెరిచి ఊగుతుంటే నా మనసులోకి మొదట వచ్చింది ఏడుపు కాదు, భయం కాదు. నా చీటి పని చేసింది అనుకున్నాను. మంచి చీటి మా ఇంటికి తెచ్చాను, బాపు మా ఇంటికి వచ్చాడు అనుకున్నాను. ఆ సాయంత్రం అమ్మ బియ్యం వండింది. మాకు బియ్యం పండుగనాటి తిండి. గోడకు అవతల అవ్వ ఏడుపు వినిపిస్తోంది. బాపు ముద్ద ముట్టలేదు. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. వాంతి కూడా కాలేదు. అయి ఉంటే ఇవాళ కొంచెం నయంగా ఉండేది.

నేను చేసిన పని బయటపెట్టడానికి మూడు రోజులు పట్టింది. రాత్రుళ్లు నిద్రలో మట్టి కింద ఎవరో చీకటి చీకటి అంటున్నట్టు అనిపించేది. అవ్వ చీటిని నేను లాక్కోకపోతే ఆమె కొడుకే వచ్చేవాడేమో, బాపు రాకపోయేవాడేమో అన్న లెక్క తలకెక్కింది. అప్పటికే చనిపోయాడని తెలిసినా ఆ లెక్క వదల్లేదు. నాలుగో రోజు తెల్లవారగానే బయట చీపురు చప్పుడు విన్నాను. అవ్వ చర్చికి పోయింది. ఇక పోదనే అందరం అనుకున్నాం. నేను లేచి వెనకే పోయాను.

తలుపు దగ్గర పంతులుగారు నిలబడి ఉన్నారు. లోపల అవ్వ చీపురు పారేసి, గోడకు ఆనుకుని కూర్చుని, దేవుణ్ణి తిడుతోంది. మేస్త్రిని తిట్టినట్టే తిడుతోంది.

"ఒక్కణ్ణిస్తివి. ఆ ఒక్కణ్ణి మట్టిల కలిపితివి. నీ ఇల్లు నేనూడ్వాలె, నా ఇల్లు నువ్వు ఊడ్సుకపోవాలె! సిగ్గున్నదా నీకు?"

పంతులుగారు లోపలికి పోతారని, ఆమెను ఆపుతారని చూశాను. ఆయన తల దించుకుని, చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వెళ్లిపోయారు. అవ్వ చాలాసేపు తిట్టింది. తర్వాత తిట్లు అయిపోయాయి. అయిపోయినా లేవలేదు. అట్లాగే కూర్చుంది. కొంచెంసేపటికి నన్ను చూసి, రమ్మని చెయ్యి ఊపింది.

నేను పక్కన కూర్చుని ఏడుస్తూ అంతా చెప్పేశాను. చెంప పగులుతుందని ఎదురు చూశాను. ఆమె కొట్టలేదు. చీటిలో ఏముండెనో మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఆమె పొగాకు లేని దవడ ఊరికే నమిలింది.

"గా మాట నాకు చదివుంటె నేను దినాం బాటకు పోయి కూసుంటుంటి. గియ్యాల గీ గుడి మీద ఉమ్మేసి పోతుంటి" అంది. నాలో ఏదో ఆశ లేచినట్టుంది, వెంటనే నా వైపు వేలు చూపింది. "మంచి పని చేసిన్ననుకోకు. దొంగతనమే చేసినవ్. ముసలిదాన్ని, కండ్లు లేనోణ్ణి మోసం చేసినవ్."

"ఔ అవ్వా."

"నీకేం గావాలెరా? దేవుడా, బాపా?"

నేను ఆమె ముఖం వైపు చూశాను.

"నిజం చెప్పు. నన్ను జూసి గాదు."

"బాపు."

"గట్లనే చెప్పు మరి ఆయనకు. నాకు నువ్వద్దు, మా బాపు గావాలె అని మొకం మీద చెప్పు. చీటీలు దొంగిలించుడెందుకు? ఆయనకు తెల్వదా?"

పిల్లలకు తాము ఎంత క్రూరంగా మాట్లాడుతున్నారో తెలియదు. నేను అడిగాను. "మరి నువ్వెందుకొచ్చినవ్ అవ్వా? ఇగ నీ కొడుకు రాడు గద."

ఆమె నన్ను అట్లాగే చూసింది. కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. "వాడు పుట్టకముందు సంది వస్తున్నరా నేను. వానికోసం వచ్చిన్ననుకున్నవా?" అంది. చీపురు దగ్గరికి లాక్కుని, "కోపమొచ్చింది. బాగ వచ్చింది. అయితె ఏమాయె? కోపమొస్తె ఇల్లిడిసి పోతమా? తిట్టెటందుకు గూడ ఈన్నే ఉండాలె గద" అంది.

తర్వాత నన్ను లేవనివ్వలేదు. చెప్పు, నేను వింట అంది. నేను కళ్లు మూసుకుని, సన్నగా, దేవుడా నాకు నువ్వద్దు, మా బాపు కావాలి అన్నాను. అప్పటివరకు వందసార్లు ప్రార్థన చేశాను, పంతులుగారు నేర్పిన మాటలు గడగడా అప్పజెప్పేవాణ్ణి. ఆ రోజు నోట్లోంచి వచ్చిన ఆ ఒక్క ముక్క నాది. సిగ్గు వేసింది. ఏ జవాబూ రాలేదు. కానీ పారిపోవాలనిపించలేదు. అవ్వ పక్కన అట్లా ఏమీ అడగకుండా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా అమ్మ సంగతి ఏం చేయాలని అడిగితే, చెప్పుడు చెప్పకపోవుడు నీ ఇష్టం అంది.

ఆ రోజు నేర్చుకున్నానని ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ అయ్యేది. నేను నేర్చుకోలేదు. విన్నాను, అంతే.

మా అమ్మకు చెప్పలేదు. ఆమె ఆ చీటిని నమ్మింది. ఆ ఏడు పంట పండుగనాడు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నా కొడుకు చేతికి దేవుడు ఫలానా మాట ఇచ్చాడు, ఆ మాట ప్రకారం నా మగణ్ణి ఇంటికి తెచ్చాడు అని. ఆ తర్వాత ఏడు కూడా చెప్పింది. పదేళ్లకు పైగా చెప్పింది. ప్రతిసారీ ముందు వరసలో చాప మీద అవ్వ కూర్చుని వినేది. అందరితోపాటు స్తోత్రం అనేది. ఒక్కసారి కూడా తల తిప్పి నా వైపు చూడలేదు. చూసి ఉంటే లేచి నిజం చెప్పేవాణ్ణేమో అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. కొడుకును పోగొట్టుకున్న మనిషి చెవిలో, ఆమె దగ్గర దొంగిలించిన మాటనే ఏడాదికోసారి పోశాం. నేను తల దించుకుని కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని భక్తి అనుకున్నారు.

అవ్వ చివరిదాకా చర్చి ఊడ్చింది. నేను నల్గొండలో ఉద్యోగంలో చేరిన ఏడు పోయింది. సెలవు దొరకలేదని నేను మట్టికి కూడా పోలేదు. సెలవు అడగలేదన్నది నిజం.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు సర్కారు ఆఫీసులో నా ఉద్యోగం ముగిసింది. నల్గొండలో మేం పోయే చర్చిలో నన్ను సంఘ పెద్దగా పెట్టుకున్నారు. మైకు చేతికి వచ్చింది. అప్పటికి అమ్మ లేదు కాబట్టి ఆ సాక్ష్యాన్ని నేను అందుకున్నాను. చీటి కథ చెబితే జనం చేతులెత్తేవాళ్లు, కొందరు ఏడ్చేవాళ్లు. చెప్పినప్పుడల్లా అవ్వను తీసేసి చెప్పాను. ఆమె లేకుండా కథ శుభ్రంగా ఉండేది. ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు నా చేతులు పట్టుకుని, అయ్యగారూ మా ఇంటి కోసం ప్రార్థన చేయండి అనేవాళ్లు. నేను కళ్లు మూసుకుని చేసేవాణ్ణి. ఆ గొంతు ఇప్పుడు తలుచుకుంటే, ఎవరిదో జిడ్డు చెయ్యి నా మెడ మీద పాకినట్టు ఉంటుంది.

మూడేళ్ల కిందట నా భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు దవాఖానలో మిషను మీద రక్తం శుద్ధి చేయించాలి. నేను మళ్లీ డబ్బా పక్కన కూర్చున్న పోరణ్ణే అయ్యాను. స్వస్థత కూడిక ఎక్కడ అంటే అక్కడికి ఆమెను ఆటోలో ఎక్కించుకుని పోయాను. ప్రార్థించి ఇచ్చిన నూనె అని ఒకరు, చేతిగుడ్డ అని ఒకరు. కిటికీ గూట్లో ఆమె మందుల పక్కన నూనె సీసాలు ఏడు చేరాయి. ఎవరి నూనె బలమైనదో నాలో నేనే పోటీ పెట్టుకునేవాణ్ణి. బాగు చేస్తే మా ఇంటి జాగా నీ పనికి రాసిస్తానని దేవుడితో బేరం ఆడాను. ఒక వారం రిపోర్టు మంచిగా వస్తే స్తోత్రం, చెడుగా వస్తే రెండు రోజులు బైబిలు ముట్టకపోవడం. ఆయన నాకు దేవుడు కాదు, పని కావలసిన ఆఫీసులో పెద్దసారు.

ఒకరోజు దవాఖాన నుంచి వచ్చి ఆమె మంచం మీద వాలింది. సాయంత్రం ఇంకో కూడిక ఉంది, లెమ్మన్నాను. నా వల్ల కాదంది. నాకు ఒళ్లు మండింది.

"నీకు విశ్వాసం లేదు. అందుకే తగ్గుతలేదు. మా అమ్మకుండె విశ్వాసం. అందుకే మా బాపు తిరిగొచ్చిండు" అన్నాను. సూది పొడిచిన చెయ్యి ఇంకా దూదితో కట్టి ఉన్న మనిషిని పట్టుకుని ఆ మాట అన్నాను.

ఆమె కోపం చేయలేదు. పైకప్పు చూస్తూ అడిగింది. "మీ పక్కింటి అవ్వ కొడుకు గూడ పోయిండంటివి గద ఒకపారి. ఆయన వచ్చిండా?"

నలభై ఏళ్ల కాపురంలో ఎప్పుడో నోరు జారి ఉంటాను. నాకు గుర్తు లేదు, ఆమెకు ఉంది. రాలేదు అన్నాను. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. చీటి, బియ్యపన్నం, అవ్వ తిట్లు, అమ్మ సాక్ష్యం, నా సాక్ష్యం. మా అమ్మకు, పంతులుగారికి, సంఘానికి చెప్పనిది అంతా ఆమెకు చెప్పాను. ఆమె ఛీ అంటుందని ఎదురు చూశాను. అంటే బాగుండుననిపించింది.

ఆమె కిటికీ గూటి వైపు చూసి అంది. "గా సీసాలు ముందు తీసెయ్. వాసనకు కడుపుల తిప్పుతాంది."

తీసి బయట పెట్టి వచ్చాను.

"బాగు చేయిస్తనని తిరుగుడు జర ఆపు. మందులు దవాఖానోళ్లు చూస్తరు. నువ్వు ఉత్తగ నా పక్కకు కూసో. రెండేండ్లాయె నువ్వు నా మొకం దిక్కు చూసి. రిపోర్టు దిక్కే చూస్తున్నవ్."

కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజం. ఆ ముఖంలో నాకు తెలియని గీతలు చాలా ఉన్నాయి. కనుబొమ మీద ఒక తెల్ల వెంట్రుక వచ్చింది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నేను దేవుణ్ణి ఎట్లా చూశానో భార్యను కూడా అట్లాగే చూశానని ఆ గదిలో అర్థమైంది. ఆమె నిద్రపోయేదాకా లేవలేదు.

మరుసటి ఆదివారం మైకు దగ్గర నిలబడి అవ్వను కలిపి కథ చెప్పాను. ఎవరూ చేతులెత్తలేదు. ఒకాయన లేచి బయటికి పోయాడు. పెద్దరికం నేనే వదులుకున్నాను. దానికేమీ మెచ్చుకోలు అక్కర్లేదు, యాభై ఏళ్లు ఆలస్యమైంది.

నా భార్యకు తగ్గలేదు. తగ్గదని డాక్టరు చెప్పాడు. వారానికి రెండుసార్లు పోతున్నాం, వస్తున్నాం. ఆ రోజు అవ్వ నాతో పలికించిన మాట ఒక్కటే నా దగ్గర మిగిలిన ప్రార్థన. పొద్దున ఆమె లేవకముందు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చెబుతాను. నాకు నువ్వు కాదు, ఆమె కావాలి అంటాను. ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అది మారి, నువ్వే కావాలి అనే రోజు నాకు వస్తుందో రాదో తెలియదు. వచ్చిందని నటించే పని మాత్రం మానేశాను. ఈ పొద్దున కూడా అదే చెప్పాను. చెప్పాక వెంటనే లేవలేదు. అడగడానికి ఇంకేమీ లేకపోయినా, పాలు కాగి, లోపలి నుంచి ఆమె పిలిచేదాకా అక్కడే కూర్చున్నాను.